ముప్పైఒకటో పేజీ

అర్దియాలో మా మామా ఇంట్లో
బట్టలుతికే గది నాది.
రాత్రి పన్నెండు దాటినాక
దిష్‌డాషాలు మిషన్లో తిరుగుతా ఉంటే
పక్కన పీటేసుకుని
డిటెక్టివ్ శరభ, నెంబరు నలభై మూడు, తెరిచినా.

పక్కవీధి సేటు డ్రైవరు పీరాన్ ఇచ్చినాడు.
వాళ్ళకెవరో మురుకులు పంపితే
డబ్బా అడుగున పరిచి ఉన్నిందంట.
అట్ట మీద కత్తి, కత్తి మీద నూనె మరక.
బొమ్మలోని రక్తం కంటే ఆ మరకే నిజంగా ఉంది.

నేను చదివింది ఇరవై ఎనిమిది దాకా.
రాయచోటి బస్టాండు పక్కన బాడుగ పుస్తకాల బంకు,
రోజుకు రూపాయి.
ఆలస్యమైతే బంకాయన తిట్టడు, మూతి తిప్పుకుంటాడు, అంతే.
ఇరవై తొమ్మిది వచ్చే నెల వస్తాదన్నాడు.
వచ్చే నెలకు నేనిక్కడ
ఎర్రగడ్డను బసల్ అనడం నేర్చుకుంటా ఉన్నా.

కథ బాగానే ఎత్తుకున్నాడు.
నంద్యాలలో నూనె మిల్లు, లోపల గడియ పెట్టిన గది,
ఓనరు శవం, నోట్లో పావలా బిళ్ళ.
శరభకు తల నెరిసింది. మోకాలు పట్టేసింది.
మేడమెట్లు ఒక్కోటే ఎక్కుతున్నాడు.
ఏందబ్బా, ఇంత ముసిలోడైపోయినాడే అనుకుంటా తిప్పితే
ముప్పైఒకటో పేజీలో, కామాకు ఇవతల:
"గుర్నాథం పోయినప్పటి నుంచి,
శరభ టీలో చక్కెర వేసుకోవడం లేదు."

మిషన్ ఆగింది. బట్టలు తీయలేదు నేను.

గుర్నాథం పోయినాడా?
ఏడో నెంబర్లో బావిలో పడి బతికినోడు,
పంతొమ్మిదిలో తుపాకీ గుండును
టిఫిన్ క్యారియర్‌తో ఆపినోడు,
శవం ఉన్న గదిలోనే పెరుగన్నం తింటా
"ఆకలితో ఉంటే ఆనవాళ్ళు కనపడవు సార్" అన్నోడు.
వాడెట్లా పోతాడు? ఏ నెంబర్లో?
రాసినాయన ఇంకో ముక్క చెప్పడు.
అందరికీ తెలిసిందే గదా అన్నట్టు
నేరుగా మిల్లులోకి నడిచిపోయినాడు.

చంపింది లెక్కలు రాసే ముసలాయనని
అరవయ్యో పేజీలోనే నాకు తెలిసిపోయింది.
తెలిసి ఏం జేసుకోవాల?

సబ్బుపొడి అట్ట చింపి, దాని వెనక రాసుకున్నా.
గుర్నాథం స్కూటరు శరభ దగ్గరే ఉంది,
సొట్ట ఉన్నట్టు ఎక్కడా రాయలేదు, కాబట్టి యాక్సిడెంటు కాదు.
రైలు కూత వినపడితే కిటికీ మూస్తాడు, రెండుసార్లు మూసినాడు.
గుర్నాథం పెండ్లాం దగ్గర్నుంచి జాబు వస్తే
చింపకుండా జేబులో పెట్టుకున్నాడు.
పుస్తకం అయిపోయింది, జాబు జేబులోనే ఉంది.

శుక్రవారం మాలియాలో బస్సులు నిలబడేచోట
అడగని మనిషి లేడు.
"ముప్పైఆరులో, పాయసంలో విషం" అన్నాడు టైలరు సుబ్బరాయుడు,
కండ్లద్దాలు తుడుచుకుంటా.
రాజోలు సువార్తమ్మ ఒప్పుకోలేదు.
"కాదండీ, గూడూరు దగ్గర రైల్లోంచి తోసేశారు,
నేను చదివి ఏడ్చాను కూడానూ."
ఏ నెంబరంటే మాత్రం చెప్పలేకపోయింది.
బెంచీ చివర ఎవురో పిల్లోడు సెల్లులో నుంచి తలెత్తి
"ఎవురు పోయినారక్కా?" అన్నాడు.
గుర్నాథమని, తెలిసినాయన, అన్నా.
పాపం, పాట ఆపేసి
సెల్లు జేబులో పెట్టుకున్నాడు.

పీరాన్ సెలవు మీద పోతున్నాడు.
ఏం తేవాలని అడిగితే
ఇరవై తొమ్మిది నుంచి నలభై రెండు, అన్నా.
"పద్నాలుగు పుస్తకాలా! సామాను ముప్పై కిలోలకు మించకూడదక్కా,
మీ వదిన ఉసిరికాయ ఊరగాయ ఇస్తానందే."
ఆ బంకు ఉందో లేదో, ఆయన ఉన్నాడో లేదో.

ఊరగాయ వద్దులే పీరాన్.
గుర్నాథాన్ని తీసకరా,
ఎంతవరకు బతికుంటే అంతవరకు.